4 అడుగుల ట్యాంకులో రెడ్ కోరిస్ పెంచవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్. 4 × 1.5 × 1.5 అడుగుల సముద్రపు నీటి ట్యాంకు, కొన్ని నెలలుగా బాగానే నడుస్తోంది. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, నాలుగైదు నత్తలు ఉన్నాయి. మొన్న వేలెడంత ఎర్ర చేపను తెచ్చారు, వీపు మీద నల్ల అంచున్న తెల్లమచ్చలు. షాపతను "రెడ్ కోరిస్, ఆరు అంగుళాలు దాటదు" అన్నాడు. వదిలిన కాసేపటికే ఇసుకలో దూరింది, నాలుగు రోజులైనా మళ్లీ కనబడలేదు. చచ్చిపోయిందా, తవ్వి చూడాలా, బతికుంటే ఇందులోనే పెంచవచ్చా అని అడిగారు.

ముందు తవ్వడం మాట మర్చిపోండి. చేప బతికే ఉండే అవకాశమే ఎక్కువ. కోరిస్ రకం రాస్ చేపలన్నీ (రాస్ అంటే సముద్రపు చేపల్లో ఒక పెద్ద కుటుంబం) రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి. భయం వేసినా, కొత్త చోటికి వచ్చినా అదే పని చేస్తాయి. షాపు నుంచి వచ్చాక మూడు నాలుగు రోజులు పైకి రాకపోవడం మామూలే, వారం దాటాక కూడా చక్కగా బయటికి వచ్చి తిండి తిన్న చేపలున్నాయి. పైగా వాటి నిద్రవేళ ఇంకా పాత ఊరి టైమ్ ప్రకారమే నడుస్తూ ఉంటుంది. ఇండోనేషియా నుంచి వచ్చిన చేపకు మనకన్నా గంటన్నర నుంచి మూడున్నర గంటల ముందే చీకటి పడుతుంది. కెన్యా నుంచి వచ్చినదానికి రెండున్నర గంటలు ఆలస్యంగా తెల్లవారుతుంది. మీరు ఆఫీసు నుంచి ఇంటికి చేరి లైటు కింద వెతికేసరికి అది పడుకుని ఉండొచ్చు. ఇంట్లో ఎవరైనా ఉంటే ఉదయం, మధ్యాహ్నం దూరం నుంచి చూడమనండి. లేదంటే పాత ఫోన్ ఒకటి ట్యాంకు ముందు పెట్టి రికార్డు చేయండి.

ఇసుకలో చేయి పెట్టి వెతికితే జరిగేది నష్టమే. దాని ఒంటి మీది జిగురు పొర చెదురుతుంది, బెదిరి అద్దానికో రాయికో మూతి కొట్టుకుంటుంది, ఆ గాయానికి బ్యాక్టీరియా పడుతుంది. అది చచ్చిపోయి ఉంటే మీకు వేరే రకంగా తెలుస్తుంది. అమ్మోనియా టెస్టులో రంగు మారుతుంది, నత్తలన్నీ ఒకేచోట గుమిగూడతాయి. ఈ రెండూ లేనంతవరకు లైటు కొంచెం తగ్గించి, రోజుకు రెండుసార్లు కాస్త మైసిస్ (చేపలకు వేసే బుల్లి రొయ్యల్లాంటి తిండి) వేసి, దాని మానాన దాన్ని వదిలేయండి.

ఇక అసలు ప్రశ్న. ఈ ట్యాంకులో దీన్ని పెద్దయ్యేదాకా పెంచలేరు. ఎందుకో వివరంగా చెబుతాను. చాలామంది వేలెడంత పిల్లను చూసి కొంటారు, ఆ పిల్ల పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

రెడ్ కోరిస్ పేరుతో మన షాపుల్లోకి వచ్చేవి కనీసం మూడు రకాలు. మొదటిది కోరిస్ గైమార్డ్, పసిఫిక్ నుంచి, తూర్పు హిందూ మహాసముద్రం నుంచి వస్తుంది. పెద్దయితే సుమారు 40 సెంటీమీటర్లు, అంటే దాదాపు మూరెడు. రెండోది కోరిస్ కువియరి, పశ్చిమ హిందూ మహాసముద్రం వైపుది. ఇదీ ఇంచుమించు అంతే పెరుగుతుంది. పిల్లగా ఉన్నప్పుడు ఈ రెండిటినీ వేరు చేయడం చాలా కష్టం. మూడోది కోరిస్ ఫార్మోసా, శ్రీలంక వైపు కూడా దొరుకుతుంది, 60 సెంటీమీటర్ల దాకా పోతుంది. వీపు రెక్క మీద కన్నులాంటి నల్లమచ్చ ఉండి, తెల్లపట్టీలు పొట్ట వైపు బాగా కిందికి దిగి ఉంటే అది ఫార్మోసా పిల్ల అనుకోవచ్చు. తెల్లమచ్చలు వీపు దగ్గరే ఆగిపోతే మొదటి రెండిటిలో ఒకటి. ఏది చూసినా ఆరు అంగుళాల దగ్గర ఆగే చేప ఇందులో లేదు.

రంగు కూడా ఇలాగే ఉండదు. గైమార్డ్ పిల్ల వేలు పొడవు దాటుతుండగా తోక పసుపు తిరుగుతుంది, తెల్లమచ్చలు మాసిపోతాయి, తోక వైపు నుంచి మెరిసే నీలి చుక్కలు మొదలై ఒళ్లంతా పాకుతాయి. తొలిసారి చూసేవాళ్లు ఇది ఆ చేపేనా అని అడుగుతారు. ఎక్కువ రాస్ చేపల్లో మొదట ఆడవి, తర్వాత వాటిలో బలమైనది మగగా మారడం సహజం, అప్పుడు రంగు ఇంకోసారి మారుతుంది. నా మట్టుకు నాకు ఆ ఎర్ర పిల్ల కంటే పసుపు తోక, నీలి చుక్కలున్న పెద్ద గైమార్డే అందం. అయితే ఆ అందం చూడాలంటే అంత చోటు ఇవ్వాలి.

మీ ట్యాంకు లెక్క చూద్దాం. 4 × 1.5 × 1.5 అంటే 9 ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను నిజంగా ఉండే నీరు 200 లీటర్ల చుట్టూ. లీటర్ల సంగతి పక్కన పెట్టినా వెడల్పు చూడండి, 45 సెంటీమీటర్లు. 40 సెంటీమీటర్ల చేప అందులో తిరగడమంటే ఇరుకు గల్లీలో ఆర్టీసీ బస్సును వెనక్కి తిప్పడమే. పైగా ఇది ఒక మూల కూర్చునే చేప కాదు. రాస్ చేపలు పక్క రెక్కలతో తెడ్డు వేసినట్టు ఈదుతాయి. తెల్లవారింది మొదలు పడుకునేదాకా ప్రతి రాయి కింద, ప్రతి సందులో తిండి వెతుకుతూ తిరుగుతూనే ఉంటాయి. చోటు చాలకపోతే అద్దం వెంట పైకీ కిందికీ అదేపనిగా ఈదడం, పక్క చేపల్ని తరమడం, తిండి మానేయడం మొదలవుతుంది.

గైమార్డ్‌కు నేను చెప్పే కనీసం 6 × 2 × 2 అడుగులు. అది 24 ఘనపుటడుగులు, 680 లీటర్లు. దొరికితే రెండున్నర అడుగుల వెడల్పు ఇంకా మంచిది, ఎందుకంటే ఈ చేపకు ఎత్తుకంటే నేల ముఖ్యం. ఫార్మోసా అయితే 8 అడుగుల పొడవు లేకుండా మొదలుపెట్టవద్దు.

మీది మూడో అంతస్తు కాబట్టి బరువు మాట కూడా చెప్పాలి. 6 అడుగుల ట్యాంకులో నీరు, 12 మిల్లీమీటర్ల అద్దం, ఇసుక, రాళ్లు, స్టాండు, కింద సంప్ (ఫిల్టరు తొట్టి) కలిపితే టన్ను దాటుతుంది. ఇదంతా 1.1 చదరపు మీటర్ల చోట నిలబడుతుంది. మన ఇళ్ల గదులకు ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం డిజైన్‌లో లెక్కవేసే లైవ్ లోడ్ (మనుషులు, సామాను బరువు) చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. గది మొత్తం మీద భారం పంచుకుంటుంది కాబట్టి ట్యాంకు పెట్టగానే స్లాబు కూలిపోతుందని నేను అనడం లేదు. కానీ హాలు మధ్యలో పెట్టడం వేరు, బీము మీద గోడకు ఆనించి పెట్టడం వేరు. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి, బిల్డింగ్ డ్రాయింగ్ చూపించి, బీములు ఎటు పోతున్నాయో తెలుసుకున్నాకే ట్యాంకు ఆర్డర్ ఇవ్వండి. అద్దె ఫ్లాటయితే ఓనరుకు ముందే చెప్పండి.

నీళ్ల విషయంలో హైదరాబాద్ వాళ్లకు కష్టం కొంచెం ఎక్కువే. సముద్రం మనకు దాదాపు 300 కిలోమీటర్ల దూరం. విశాఖలో, చెన్నైలో కొందరు శుభ్రమైన సముద్రపు నీళ్లు తెచ్చుకుని వాడతారు, మనం ఉప్పు కలిపి చేసుకోవాల్సిందే. రెడ్ సీ, ట్రాపిక్ మెరీన్, ఇన్‌స్టంట్ ఓషన్ లాంటి ఉప్పులు వాడవచ్చు. బ్రాండును బట్టి లీటరుకు 35 నుంచి 40 గ్రాములు పడుతుంది. పెద్ద ట్యాంకు మొదటిసారి నింపడానికే 25 కిలోల దాకా కావాలి. ఆ తర్వాత వారానికి 10 శాతం మార్చినా నెలకు సుమారు పది కిలోలు. ఈ ఖర్చు ముందే లెక్క వేసుకోండి. చేప ధర ఈ మొత్తం ఖర్చులో చాలా చిన్న భాగం.

ఉప్పు కలిపే నీరు ఎలాంటిదన్నది ఇంకా ముఖ్యం. జలమండలి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్లలో హార్డ్‌నెస్, నైట్రేట్, సిలికేట్ ఎక్కువ. మీ ఇంటి తాగునీటి ఆర్‌ఓ సరిపోదు, దాని చివర్లో మినరల్స్ కలిపే కార్ట్రిడ్జ్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) పెంచే నాబ్ ఉంటాయి. ట్యాంకుకు విడిగా ఒక ఆర్‌ఓ, దాని తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పీల్చే గింజలు) పెట్టి, మీటరులో టీడీఎస్ సున్నా వచ్చాకే ఉప్పు కలపండి. బోరు నీళ్లతో రెజిన్ తొందరగా అయిపోతుంది, కాబట్టి వీలైనంతవరకు నల్లా నీళ్లే ఆర్‌ఓకు ఇవ్వండి. ఒక లీటరు మంచి నీటికి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. వాటిని డ్రమ్ములో పట్టి బాత్రూముకు, ఇల్లు తుడవడానికి వాడండి. ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లో ఆ నీళ్లు మోరీలోకి వదలడం నాకు అస్సలు నచ్చదు.

ఎండాకాలం గురించి మీరు అడగలేదు కానీ చెప్పి తీరాలి. ఈ చేపలకు 25 నుంచి 27 డిగ్రీల నీరు కావాలి. మనకు ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది, మూసి ఉన్న హాల్లో మధ్యాహ్నం 34, 35 ఉంటుంది. పంపుల వేడి కూడా తోడైతే ట్యాంకు సులువుగా 32కు పోతుంది. అప్పుడు రెండు వైపులా దెబ్బ. 25 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇమిడితే, 32 డిగ్రీల దగ్గర అది 6కు పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. చిన్న ట్యాంకుకు ఫ్యాన్‌తో నెట్టుకురావచ్చు, అయితే నీరు ఎక్కువగా ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి ఆవిరైనంత నీటిని తనంతట తానే నింపే ఆటో టాప్ అప్ పెట్టాలి. 680 లీటర్లకు నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పదు. దాని వేడిగాలి బాల్కనీ వైపు పోయేలా పెట్టండి, మూసిన స్టాండులో పెడితే అది తన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో మాత్రం హీటరు కావాలి. కరెంటు పోయినప్పుడు చిల్లర్‌ను ఇంటి ఇన్వర్టర్ మీద నడపలేరు, కనీసం నీటిని కదిపే వేవ్‌మేకర్ ఒకటి, సంప్ నుంచి నీటిని పైకి పంపే రిటర్న్ పంపు ఇన్వర్టర్ మీద ఉండేలా వైరింగ్ చేయించుకోండి. నీరు కదులుతూ ఉంటే చేప కొన్ని గంటలు ఓర్చుకుంటుంది.

ఇప్పుడు ఇసుక. ఈ చేపకు ఇసుక అలంకారం కాదు, పడక గది. 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతు, గింజ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉన్న సన్నని అరగోనైట్ (సున్నపు రకం) ఇసుక పోయండి. కోరల్ చిప్స్ పేరుతో అమ్మే ముతక ముక్కలు వద్దే వద్దు. మీ ట్యాంకులో ఉన్నది అదే అయితే ఆ చేప రోజూ ఒళ్లు గీరుకుంటూ పడుకుంటోందన్నమాట. ఆ చిప్స్ ఎక్కడివన్నది కూడా అడగండి. గట్టి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, మన తీరంలో వాటిని ఏరడం, అమ్మడం నేరం. చనిపోయిన పగడానికీ అదే వర్తిస్తుంది. లైవ్ రాక్ పేరుతో (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టినవి) మన సముద్రం నుంచి తెచ్చే రాళ్లూ అంతే. సిరామిక్ రాళ్లు, లేదా బిల్లుతో వచ్చిన డ్రై రాక్ తీసుకుని, అందులో బ్యాక్టీరియా పెంచుకోండి, నెల రెండు నెలలు ఆలస్యమైనా ఏమీ కాదు.

రాళ్లు పేర్చేటప్పుడు ఒక జాగ్రత్త. ముందు రాళ్లను అడుగు అద్దం మీదే, కింద పల్చని అక్రిలిక్ షీట్ వేసి, కదలకుండా నిలపండి. ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద రాళ్లు పెడితే, ఈ చేప తవ్వుకుంటూ కిందికి పోయినప్పుడు రాయి కూలి దాని మీదే పడుతుంది. పెద్దయ్యాక చిన్న రాళ్లను నోటితో పట్టి తిరగేస్తుంది కూడా. అతికించని పగడపు ముక్కలేవైనా పెట్టుకుంటే పొద్దున్నకల్లా వేరేచోట ఉంటాయి. పగడాలను తినదు, కానీ వాటి పక్కన ప్రశాంతంగా ఉండే చేప కూడా కాదు.

మూత లేకుండా ఏ రాస్‌నూ పెంచకూడదు. బెదిరితే నీటిలోంచి ఎగురుతుంది, ట్యూబు దూర్చడానికి వదిలిన సందు చాలు బయటపడటానికి. అద్దం మూత వేస్తే గాలి ఆడదు, వేడి కూడా పెరుగుతుంది. నేను వాడేది సన్నని నైలాన్ వల, కన్ను 6 మిల్లీమీటర్లు. బాల్కనీకి కట్టే పావురాల వల కన్ను మరీ పెద్దది, పిల్ల రాస్ అందులోంచి జారిపోతుంది. కిటికీలకు దోమల మెష్ బిగించేవాళ్ల చేత కొలతకు ఫ్రేము చేయించుకోవచ్చు. అల్యూమినియం ఫ్రేము ఉప్పు తగిలి తెల్లగా పొక్కుతుంది, యూపీవీసీ అడగండి.

తిండి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే పిల్ల కోరిస్‌లు ఎక్కువగా చనిపోయేది ఇక్కడే. రెండు అంగుళాల లోపు పిల్లకు ఒంట్లో నిల్వ ఏమీ ఉండదు. సముద్రంలో అది రోజంతా చిన్న చిన్న పురుగుల్ని, బుల్లి పీతల్ని ఏరుకు తింటుంది. రవాణాలో రెండు మూడు రోజులు పస్తు, షాపులో పస్తు, మీ ఇంట్లో నాలుగు రోజులు ఇసుకలో. బయటికి వచ్చిన రోజు నుంచి రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. మైసిస్, పోషకాలు పట్టించిన బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి బుల్లి రొయ్యలు), సన్నగా తరిగిన రొయ్య. తల వెనక వీపు పక్కన, పొట్ట కింద గుంట పడి కనిపిస్తే అది చిక్కిపోతోందని అర్థం. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇల్లయితే ఆటో ఫీడర్‌తో చిన్న పెల్లెట్లు అలవాటు చేయండి, ఉదయం సాయంత్రం చేత్తో ఫ్రోజెన్ వేయండి.

పెద్దయిన కొద్దీ సీను మారుతుంది. గైమార్డ్‌కు ముందు పళ్లు, గొంతులో ఇంకో జత నమిలే పళ్లు ఉంటాయి. నత్తలు, పీతలు, ఆలిచిప్పలు, సముద్రపు ఉర్చిన్‌లు దాని సహజమైన తిండి. రాంనగర్ చేపల మార్కెట్‌కు పొద్దున్నే వెళితే రొయ్య, స్క్విడ్, అప్పుడప్పుడు ఆలిచిప్పలు దొరుకుతాయి. వాసన రానివి ఏరుకుని, కడిగి, చిన్న ప్యాకెట్లు చేసి కొన్ని రోజులు గట్టిగా ఫ్రీజ్ చేశాకే వాడండి. ఒక్క రొయ్యతోనే ఏళ్లు గడపొద్దు, విటమిన్ల లోటు వస్తుంది, మంచి మెరైన్ పెల్లెట్ తప్పకుండా కలపండి. బొచ్చె, రవ్వ ముక్కలు మాత్రం పెట్టకండి. సముద్రపు చేపలకు కావాల్సిన ఒమేగా కొవ్వులు మంచినీటి చేపల్లో తక్కువ.

వారానికోసారి చిప్పతో సహా ఒక ఆలిచిప్ప వేసి చూడండి. కొన్ని రాస్‌లు చిప్పను నోట కరుచుకుని రాయి దగ్గరికి తీసుకెళ్లి, తల విసురుతూ కొట్టి పగలగొడతాయి. ఇది ఎవరో ఊరికే చెప్పిన మాట కాదు. గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఒక టస్క్ ఫిష్, అదీ రాస్ కుటుంబానిదే, ఇలా రాయిని దాగలిగా వాడుతుండగా తీసిన ఫొటోలు 2011లో శాస్త్ర పత్రికలో వచ్చాయి. అంతకు ముందు ఏడాది అక్వేరియంలోని థలసోమా హార్డ్‌విక్ గట్టి పెల్లెట్‌ను రాయికి కొట్టి ముక్కలు చేసుకోవడం కూడా నమోదైంది. క్లీనర్ రాస్ అద్దంలో తన ప్రతిబింబం చూసి ఒంటి మీది మచ్చను గుర్తుపట్టిందని జపాన్ పరిశోధకులు 2019లో రాశారు. ఇంత తెలివైన జీవికి ఖాళీ అద్దాల పెట్టె పెద్ద శిక్ష. రాళ్ల మధ్య సందులు, తవ్వుకోవడానికి ఇసుక, పగలగొట్టడానికి చిప్ప, ఇవన్నీ దాని ఆరోగ్యంలో భాగమే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంత తినే చేప వదిలే మలినం కూడా అంతే. ట్యాంకు పరిమాణానికి చెప్పినదానికన్నా ఒక సైజు పెద్ద ప్రొటీన్ స్కిమ్మర్ (నురగతో మలినాన్ని తీసేసే పరికరం) తీసుకోండి, నైట్రేట్ మీద కన్నేసి ఉంచండి.

క్వారంటైన్ లేకుండా మీరు నేరుగా ట్యాంకులో వదిలేశారు. ఇప్పుడు చేయగలిగింది జాగ్రత్తగా గమనించడమే. క్లౌన్ చేపల మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు, వేగంగా ఆడే మొప్పలు, రాయికి ఒళ్లు రుద్దుకోవడం, ఇవి కనిపిస్తే వైట్ స్పాట్ (పరాన్నజీవి వల్ల వచ్చే తెల్లచుక్కల జబ్బు) అనుకుని చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చి మందు వేయాలి. అసలు ట్యాంకులో మిగిలిన పరాన్నజీవి చేప దొరక్క చచ్చేలా దాన్ని చేపలు లేకుండా 76 రోజులు వదలాలి, అది హాబీలో చాలామంది పాటించే లెక్క. రొయ్య, నత్తలు ఉన్న ట్యాంకులో రాగి మందు వేస్తే అవి చచ్చిపోతాయి. రాస్‌కు రాగి మందు ఇవ్వాల్సి వస్తే టెస్ట్ కిట్‌తో కొలుస్తూ నెమ్మదిగా మోతాదు పెంచండి. ఆ తొట్టిలో ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఇసుక పెట్టాలి, లేకపోతే అది ఖాళీ అడుగుకు మూతి కొట్టుకుంటుంది. ఆ డబ్బాలో సిలికా ఇసుక వాడండి, అరగోనైట్ అయితే రాగిని పీల్చేసుకుని మోతాదు తప్పిపోతుంది.

వచ్చేసారి కొనేటప్పుడు షాపులో దాని తొట్టి అడుగున ఇసుక ఉందో లేదో చూడండి. ఖాళీ గాజు మీద రోజుల తరబడి ఉన్న కోరిస్‌కు పెదవి దగ్గర ఎర్రగానో తెల్లగానో పుండు ఉంటుంది, అలాంటిది వద్దు. మీ ముందే తిండి వేయమని అడగండి, తినని చేపను తేవద్దు. అక్కడి నీటి సెలినిటీ (ఉప్పు చిక్కదనం) కొలవండి. చాలా షాపులు పరాన్నజీవుల భయంతో 1.018, 1.020 దగ్గర ఉంచుతాయి, మీది 1.025 అయితే ఆ తేడా నెమ్మదిగా సర్దాలి. దూరం నుంచి వచ్చిన సీల్డ్ బ్యాగు అయితే మాత్రం గంటల తరబడి డ్రిప్ పెట్టకండి (ట్యాంకు నీటిని చుక్క చుక్కగా బ్యాగులో కలపడం). బ్యాగు విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, దాంతో అందులోని అమ్మోనియా విషంగా మారుతుంది. ముందే క్వారంటైన్ తొట్టి నీటిని బ్యాగు సెలినిటీకి కలిపి ఉంచి, ఉష్ణోగ్రత సరిపోగానే మార్చేయండి.

పెద్ద రాస్‌ల మీద మోజు ఉన్నవాళ్లు ఇంకో రెండు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. కోరిస్ ఐగులా పిల్ల తెల్లగా, వీపు మీద రెండు పెద్ద నారింజ మచ్చలతో ఎవరినైనా కట్టిపడేస్తుంది. అది మీటరు దాటగలదు. నెపోలియన్ రాస్ రెండు మీటర్ల దాకా పెరుగుతుంది, ప్రపంచవ్యాప్తంగా ప్రమాదంలో ఉన్న జాతి. 2004లో సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు. ఈ రెండిటికీ మన ఇళ్లలో చోటు లేదు, ఎవరైనా ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా వద్దనండి. క్లీనర్ రాస్ చిన్నదే అయినా నేను ఎవరికీ సలహా ఇవ్వను, ఇతర చేపల మీది పరాన్నజీవులే దాని తిండి, చాలావరకు అక్వేరియంలో చిక్కి చచ్చిపోతుంది.

మీ 4 అడుగుల ట్యాంకుకు సరిపోయే రాస్‌లు ఉన్నాయి. హాలికోరెస్ క్రైసస్, నిండు పసుపు, 12 సెంటీమీటర్లు. హాలికోరెస్ మెలనూరస్ కూడా అంతే, నారింజ గీతలు, చురుకైన చేప, రాళ్ల మీది చిన్న పురుగుల్ని ఏరి పెడుతుంది. రెండూ ఇసుకలోనే పడుకుంటాయి, క్లౌన్ చేపల జోలికి పోవు. వీటిలో ఒక్కదాన్ని తెచ్చుకుంటే కోరిస్‌లో మీకు నచ్చిన గుణాలన్నీ చిన్న పరిమాణంలో ఉంటాయి. పెద్ద ట్యాంకు పెడితే మన సముద్రాల్లోనే దొరికే మూన్ రాస్ కూడా మంచి ఎంపిక. గట్టి ప్రాణం, కానీ పోకిరీ, అందరికంటే చివర్లో వదలాలి. గైమార్డ్‌కు తోడుగా టాంగ్‌లు, ఫాక్స్ ఫేస్, పెద్ద ఏంజెల్ చేపలు పనికొస్తాయి.

ఇక మీ చేప. నా సలహా ఏమిటంటే, వచ్చే ఏడాదిలోపు 6 అడుగుల ట్యాంకు పెట్టే ఆలోచన, చోటు, డబ్బు మూడూ ఉంటే దీన్ని ఉంచుకోండి. వేలెడంత ఉన్నంతకాలం మీ ట్యాంకులో ఇబ్బంది ఉండదు, రొయ్యకు కూడా ఇప్పుడే ప్రమాదం లేదు. చేప నాలుగు అంగుళాలకు వచ్చేసరికి రొయ్యను, నత్తలను వేరే చోటికి మార్చేయాలి, ఆ తర్వాత అవి దానికి తిండే. ఆ మూడిటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇప్పుడే, అది చిన్నగా ఉండగానే, పెద్ద ట్యాంకున్నవాళ్లకు ఇచ్చేయండి. మూరెడు చేపను తీసుకోవడానికి షాపులూ ముందుకు రావు, తెలిసినవాళ్లూ ముందుకు రారు. ఇచ్చేటప్పుడు కూడా ఇసుకలోంచి తవ్వి తీయకండి. ఉదయం అది లేచి తిండికి వచ్చినప్పుడు, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాను నీటిలో ముంచి ఉంచి, లోపల మైసిస్ వేసి రెండు మూడు రోజులు అలవాటు చేస్తే తనంతట తానే లోపలికి వస్తుంది.

అది పైకి రాగానే పక్క నుంచి ఒక ఫొటో తీసి పెట్టండి, వీపు రెక్క స్పష్టంగా కనిపించాలి. ఫార్మోసానా గైమార్డా అన్నది చూసి చెబుతాను. ట్యాంకులో ఇసుక గింజ సైజు, లోతు, మీరు వాడే నీటి టీడీఎస్ కూడా రాయండి.